చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి

చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి (1880 ఏప్రిల్ 10 - 1941 జూలై 1) సుప్రసిద్ధ ఆంగ్ల పత్రికా సంపాదకుడు, ఉదారవాద రాజకీయ నాయకుడు. సి.వై.చింతామణి అన్న పేరుతో దేశమంతటా ప్రసిద్ధుడు. విజయనగరంలో జన్మించిన ఈయన అలహాబాదు నగరాన్ని తన కార్యక్షేత్రంగా చేసుకొని, అక్కడి నుండి వెలువడిన లీడర్ దినపత్రికకు సుమారు మూడు దశాబ్దాల పాటు ప్రాణం పోశాడు. సంయుక్త రాష్ట్రాల (నేటి ఉత్తర ప్రదేశ్, ఉత్తరాఖండ్) ప్రభుత్వంలో 1921 నుండి 1923 వరకు విద్యా, పరిశ్రమల శాఖల మంత్రిగా పనిచేశాడు. అఖిల భారత లిబరల్ ఫెడరేషన్‌కు రెండుసార్లు అధ్యక్షుడయ్యాడు. భారత రాజ్యాంగ సంస్కరణల చర్చలలో పాల్గొనడానికి 1919లోను, 1930లోను లండన్ వెళ్ళాడు.

స్వపరిపాలన రావాలి, అది చట్టబద్ధమైన మార్గంలోనే రావాలి అన్నది ఈయన జీవితాంతం నమ్మిన సూత్రం. ఈ నమ్మకం వల్ల ఒకవైపు ప్రభుత్వానికి, మరొకవైపు కాంగ్రెసుకు కూడా ఈయన విమర్శకుడయ్యాడు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో మితవాదుల పాత్రను అర్థం చేసుకోవడానికి చింతామణి జీవితం ఒక ముఖ్యమైన ఆధారం.

బాల్యం, విద్య

చింతామణి విజయనగరంలో వైదిక బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి చిర్రావూరి రామసోమయాజులు వేదపండితుడు. విజయనగర సంస్థానంలో ఆయనకు గౌరవస్థానం ఉండేది. సంప్రదాయ విద్యకు నిలయమైన ఇంటిలో పుట్టినప్పటికీ చింతామణి ఆంగ్ల విద్యను అభ్యసించాడు. విజయనగరంలోని మహారాజా కళాశాలలో చదివాడు కాని పట్టభద్రుడు కాలేదు. తరువాతి కాలంలో ఈయన సంపాదించిన పాండిత్యమంతా స్వయంకృషితో వచ్చినదే.

ఆనాటి విజయనగరం ఆంధ్రదేశంలో విద్యకు, సాహిత్యానికి, సంగీతానికి పెద్ద కేంద్రం. ఆనంద గజపతిరాజు ఆదరణలో అక్కడ పండితులు, కవులు వర్ధిల్లుతున్నారు. గురజాడ అప్పారావు ఆ కాలంలో మహారాజా కళాశాలలో అధ్యాపకుడు. ఆయన కన్యాశుల్కం నాటకం 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయింది. బాల్యవివాహాలు, కన్యాశుల్కం, వితంతువుల దుస్థితి వంటి విషయాలపై వాదోపవాదాలు జరుగుతున్న ఆ వాతావరణంలో చింతామణి పెరిగాడు. సంఘసంస్కరణ పట్ల ఈయనకు చిన్న వయసులోనే ఏర్పడిన ఆసక్తికి ఈ నేపథ్యాన్ని గమనించాలి.

పత్రికారంగ ప్రవేశం

చింతామణి 18 సంవత్సరాల వయసులో విశాఖపట్నం నుండి వెలువడుతున్న వైజాగ్ స్పెక్టేటర్ అనే ఆంగ్ల వారపత్రికకు సంపాదకుడయ్యాడు. తరువాత 300 రూపాయలకు ఆ పత్రికను కొని, విజయనగరానికి తరలించి, ఇండియన్ హెరాల్డ్ అని పేరు మార్చాడు. అందులో సంపాదకీయాలు వ్రాయడం, వార్తలు సేకరించడం, అచ్చుప్రతులు దిద్దడం వంటి పనులన్నిటినీ తానొక్కడే నిర్వహించేవాడు. ఆంగ్లం చదివేవారి సంఖ్య పరిమితంగా ఉన్న ఆ ప్రాంతంలో ఇటువంటి పత్రిక నిలబడడం కష్టం. సుమారు రెండేళ్ళలో ఇండియన్ హెరాల్డ్ ఆగిపోయింది.

ఆ తరువాత ఈయన మద్రాసు చేరాడు. ది హిందూ పత్రిక స్థాపకులలో ఒకడైన జి.సుబ్రహ్మణ్య అయ్యర్ అప్పుడు మద్రాస్ స్టాండర్డ్ పత్రికను నడుపుతున్నాడు. చింతామణి ఆయన వద్ద పనిచేశాడు. సుబ్రహ్మణ్య అయ్యర్ వితంతువైన తన కుమార్తెకు పునర్వివాహం జరిపించిన సంస్కర్త. వలసపాలన వల్ల దేశానికి కలుగుతున్న ఆర్థిక నష్టాన్ని గణాంకాలతో వివరించిన రచయిత కూడా. అంకెలను ఆధారం చేసుకొని వాదించే పద్ధతి తరువాతి కాలంలో చింతామణి సంపాదకీయాలలోనూ ప్రధాన లక్షణమైంది.

మద్రాసులో ఉండగానే 1901లో ఇండియన్ సోషల్ రిఫార్మ్ అనే బృహత్ సంకలనాన్ని ప్రచురించాడు. మహాదేవ గోవింద రనడే, ఆర్.జి.భండార్కర్ మొదలైన ప్రముఖుల వ్యాసాలను, ఉపన్యాసాలను ఇందులో చేర్చాడు. రనడే మరణించిన సంవత్సరమే ఈ గ్రంథం వెలువడింది. అప్పటికి సంకలనకర్త వయసు 21 సంవత్సరాలు. నేటికీ 19వ శతాబ్దపు సంఘసంస్కరణోద్యమాన్ని అధ్యయనం చేసేవారు ఈ గ్రంథాన్ని సంప్రదిస్తారు.

అలహాబాదు ప్రయాణం

బీహారుకు చెందిన న్యాయవాది సచ్చిదానంద సిన్హా ఆ రోజుల్లో అలహాబాదులో ఉండేవాడు. 1946 డిసెంబరులో భారత రాజ్యాంగ సభ మొదటి సమావేశానికి తాత్కాలికాధ్యక్షుడుగా వ్యవహరించింది ఈయనే. సిన్హా మొదలైనవారి పూనికతో 1903లో అలహాబాదు నుండి ఇండియన్ పీపుల్ అనే పత్రిక ప్రారంభమైంది. చింతామణి ఉత్తరాదికి వెళ్ళి ఆ పత్రికలో పనిచేశాడు. 1905లో బొంబాయి నాయకుడు ఫిరోజ్ షా మెహతా ఉపన్యాసాలను, రచనలను సంకలనం చేసి ప్రచురించాడు. మెహతా, గోపాలకృష్ణ గోఖలే ఈయనకు రాజకీయాలలో ఆదర్శప్రాయులు.

అప్పటికి అలహాబాదు సంయుక్త రాష్ట్రాల రాజధాని. హైకోర్టు, విశ్వవిద్యాలయం అక్కడే ఉండేవి. ఆ నగరం నుండి 1865లో ప్రారంభమైన పయనీర్ పత్రిక ఆంగ్లేయ అధికారుల, వర్తకుల అభిప్రాయాలకు వేదిక. దానికి దీటుగా భారతీయుల పక్షాన నిలబడగల దినపత్రిక లేదన్న కొరత అక్కడి నాయకులను బాధించేది. కొత్త పత్రిక పుట్టుకకు ఈ కొరతే కారణమైంది.

లీడర్ పత్రిక

పండిత మదనమోహన మాలవీయ చొరవతో 1909 విజయదశమినాడు లీడర్ దినపత్రిక ప్రారంభమైంది. ఇండియన్ పీపుల్ ఇందులో విలీనమైంది. బెంగాలీ పాత్రికేయుడు నగేంద్రనాథ గుప్త, చింతామణి తొలి సంపాదకులు. కొద్దికాలంలోనే సంపాదకత్వ బాధ్యత చింతామణిపై పడింది. పత్రికను నడిపే సంస్థ పాలకమండలికి మోతీలాల్ నెహ్రూ మొదటి అధ్యక్షుడు.

లీడర్ ప్రారంభమైన మరుసటి సంవత్సరమే, అనగా 1910లో, కొత్త పత్రికా చట్టం వచ్చింది. దీని ప్రకారం ప్రభుత్వం పత్రికల నుండి ధరావతు కోరవచ్చు, నచ్చని రచన వెలువడితే ఆ ధరావతును జప్తు చేయవచ్చు. ఇటువంటి పరిస్థితిలో ప్రభుత్వాన్ని విమర్శించే సంపాదకుడు ప్రతి వాక్యాన్ని ఆచితూచి వ్రాయవలసి ఉండేది. చింతామణి ఆవేశపూరితమైన భాషకు బదులు అధికార నివేదికలను, శాసనసభా చర్చలను, ఆదాయవ్యయ లెక్కలను ఆయుధాలుగా చేసుకొన్నాడు. ప్రభుత్వం తానే ప్రకటించిన అంకెలను దానికే చూపి ప్రశ్నించేవాడు. ఈయన జ్ఞాపకశక్తి అపారమైనది. పాత ప్రసంగాలు, తీర్మానాలు, తేదీలు ఈయనకు కంఠస్థంగా ఉండేవని సమకాలికులు చెప్పుకొనేవారు.

కాలక్రమాన లీడర్ ఉత్తర భారతదేశంలోని ప్రముఖ ఆంగ్ల పత్రికలలో ఒకటైంది. 1928లో ఇదే సంస్థ నుండి భారత్ అనే హిందీ పత్రిక కూడా వెలువడింది. పలువురు యువ పాత్రికేయులకు లీడర్ కార్యాలయం శిక్షణాలయంగా ఉపయోగపడింది. వారిలో తెలుగువాడైన కుందూరి ఈశ్వరదత్తు ఒకడు.

పాలకమండలి అధ్యక్షుడైన మోతీలాల్ నెహ్రూకు, సంపాదకుడికి మధ్య రాజకీయ విభేదాలు క్రమంగా పెరిగాయి. మొదట్లో మోతీలాల్ కూడా మితవాదే. హోంరూల్ ఉద్యమం నాటి నుండి ఆయన ధోరణి మారింది. చింతామణి మాత్రం తన పంథాను విడువలేదు. చివరకు మోతీలాల్ లీడర్‌తో తెగతెంపులు చేసుకొని 1919 ఫిబ్రవరిలో ఇండిపెండెంట్ అనే మరొక దినపత్రికను ప్రారంభించాడు. ఆ పత్రిక కొద్ది సంవత్సరాలకే ఆగిపోయింది. లీడర్ మాత్రం 1967 వరకు కొనసాగింది.

కాంగ్రెసు నుండి లిబరల్ పక్షానికి

చింతామణి మొదట కాంగ్రెసువాది. 1907లో సూరత్ సమావేశంలో కాంగ్రెసు అతివాదులు, మితవాదులుగా చీలినప్పుడు ఈయన మితవాదుల పక్షాన ఉన్నాడు. 1915లో గోఖలే, మెహతా ఇద్దరూ మరణించడంతో మితవాదులు పెద్దదిక్కును కోల్పోయారు. 1916లో చింతామణి సంయుక్త రాష్ట్రాల శాసనమండలి సభ్యుడయ్యాడు. దీనితో పత్రికా రచనకు శాసనమండలి కార్యకలాపాలు తోడయ్యాయి.

1918లో మాంటేగ్ - చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల నివేదిక వెలువడింది. కాంగ్రెసులో అధిక సంఖ్యాకులు ఈ సంస్కరణలు చాలవన్నారు. మితవాదులు వాటిలో లోపాలున్నా స్వీకరించి, అమలు చేస్తూ మరిన్ని హక్కులు సాధించాలన్నారు. ఆ సంవత్సరం బొంబాయిలో జరిగిన కాంగ్రెసు ప్రత్యేక సమావేశానికి మితవాద నాయకులు హాజరు కాలేదు. నవంబరులో అదే నగరంలో సురేంద్రనాథ బెనర్జీ అధ్యక్షతన వేరుగా సమావేశమయ్యారు. లిబరల్ ఫెడరేషన్‌కు ఇది నాంది. చింతామణి ఈ సంస్థకు ప్రధాన కార్యదర్శిగా అనేక సంవత్సరాలు పనిచేశాడు.

1920 డిసెంబరులో మద్రాసులో జరిగిన లిబరల్ ఫెడరేషన్ సమావేశానికి చింతామణి అధ్యక్షత వహించాడు. అప్పటికి ఈయన వయసు 40 సంవత్సరాలు. అదే నెలలో నాగపూరులో కాంగ్రెసు మహాసభ గాంధీజీ సహాయ నిరాకరణ కార్యక్రమాన్ని ఖాయం చేసింది. శాసనసభలను, న్యాయస్థానాలను, ప్రభుత్వ విద్యాలయాలను బహిష్కరించాలన్నది ఆ కార్యక్రమం. ఆనాటి నుండి ఈ రెండు పక్షాల దారులు పూర్తిగా వేరయ్యాయి.

మొదటి లండన్ యాత్ర

సంస్కరణల బిల్లు 1919లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చింది. దానిని పరిశీలించడానికి సెల్బోర్న్ ప్రభువు అధ్యక్షతన ఉభయసభల సంయుక్త సంఘం ఏర్పడింది. భారతదేశం నుండి వివిధ పక్షాల ప్రతినిధి బృందాలు లండన్ వెళ్ళి ఈ సంఘం ఎదుట తమ వాదనలను వినిపించాయి. సురేంద్రనాథ బెనర్జీ నాయకత్వంలో వెళ్ళిన లిబరల్ బృందంలో చింతామణితో పాటు తేజ్ బహదూర్ సప్రూ, వి.ఎస్.శ్రీనివాస శాస్త్రి కూడా ఉన్నారు.

భారతదేశాన్ని పాలించే చట్టాలు లండన్‌లో తయారయ్యే రోజులవి. అక్కడి పార్లమెంటు సభ్యులను, పత్రికలను, ప్రజాభిప్రాయాన్ని ప్రభావితం చేయగలిగితేనే ఇక్కడ మార్పు వస్తుందని దాదాభాయి నౌరోజీ కాలం నుండి మితవాదుల విశ్వాసం. చింతామణి ఆ సంప్రదాయానికి వారసుడు. ఆ సంవత్సరమే పంజాబులో జలియన్‌వాలాబాగ్ మారణకాండ, సైనిక శాసనం దేశాన్ని కలచివేశాయి. పంజాబు దమనకాండను మితవాదులు కూడా తీవ్రంగా ఖండించారు. కాని సంస్కరణలను స్వీకరించాలన్న నిర్ణయాన్ని మార్చుకోలేదు. 1919 డిసెంబరులో భారత ప్రభుత్వ చట్టం ఆమోదం పొందింది.

మంత్రి పదవి

ఈ చట్టం రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వాన్ని ప్రవేశపెట్టింది. పోలీసు, న్యాయం, భూమిశిస్తు, ఆర్థిక వ్యవహారాలు మొదలైనవి గవర్నరు, ఆయన కార్యనిర్వాహక సభ్యుల చేతిలో ఉండేవి. వీటిని ప్రత్యేకించిన శాఖలు అనేవారు. విద్య, స్థానిక స్వపరిపాలన, ఆరోగ్యం, వ్యవసాయం, పరిశ్రమలు వంటివి శాసనమండలికి బాధ్యులైన భారతీయ మంత్రులకు ఇచ్చారు. వీటికి బదిలీ శాఖలని పేరు. ఖజానా మాత్రం మంత్రుల చేతిలో లేదు. పాఠశాల పెట్టాలన్నా, పరిశ్రమకు సహాయం చేయాలన్నా మంత్రి ఆర్థిక శాఖను అడిగి తెచ్చుకోవలసిందే.

కాంగ్రెసు బహిష్కరించడంతో 1920 నాటి ఎన్నికలలో లిబరల్ పక్షంవారు, జమీందారులు అధికంగా ఎన్నికయ్యారు. 1921 ఆరంభంలో కొత్త ప్రభుత్వం ఏర్పడినప్పుడు చింతామణి విద్యా, పరిశ్రమల శాఖలకు, లక్నోకు చెందిన పండిత జగత్ నారాయణ్ స్థానిక స్వపరిపాలన శాఖకు మంత్రులయ్యారు. పట్టభద్రుడు కాని వ్యక్తి విద్యాశాఖకు అధిపతి కావడం విశేషం.

ఈయన పదవీకాలంలో ఆ రాష్ట్ర విద్యారంగంలో ముఖ్యమైన మార్పులు జరిగాయి. 1921 నాటి చట్టంతో అలహాబాదు విశ్వవిద్యాలయం పరీక్షలు నిర్వహించే సంస్థ స్థాయి నుండి బోధన ప్రధానమైన విశ్వవిద్యాలయంగా పునర్వ్యవస్థీకరింపబడింది. అదే సంవత్సరం హైస్కూలు, ఇంటర్మీడియట్ విద్యా బోర్డు ఏర్పడింది. ఇంటర్మీడియట్ చదువును విశ్వవిద్యాలయం నుండి వేరుచేసి పాఠశాల విద్యతో కలపడం దీని ముఖ్యోద్దేశం. ఈ బోర్డు మొదటి పరీక్షలను 1923లో నిర్వహించింది. నేడు లక్షలాది విద్యార్థులు వ్రాసే ఉత్తర ప్రదేశ్ బోర్డు పరీక్షల మూలం ఇక్కడే ఉంది.

ఈ కాలంలోనే రాష్ట్రం అల్లకల్లోలంగా ఉండేది. అవధ్ ప్రాంతంలో రైతులు తాలూక్‌దారులపై తిరుగబడ్డారు. 1921 డిసెంబరులో మోతీలాల్ నెహ్రూ, జవహర్‌లాల్ నెహ్రూ అరెస్టయ్యారు. 1922 ఫిబ్రవరిలో గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో పోలీసు స్టేషను దహనం జరిగింది. శాంతిభద్రతల శాఖ మంత్రుల పరిధిలో లేదు. అయినప్పటికీ, ఒకనాటి సహచరులను జైలుకు పంపిన ప్రభుత్వంలో చింతామణి భాగస్వామి అన్న విమర్శ తప్పలేదు. ద్వంద్వ ప్రభుత్వంలోని చిక్కు ఇదే. నిర్ణయాధికారం లేని విషయాలకు కూడా మంత్రులు ప్రజల దృష్టిలో జవాబుదారులయ్యారు.

రాజీనామా

మొదటి గవర్నరు హార్‌కోర్ట్ బట్లర్ మంత్రులతోను, కార్యనిర్వాహక సభ్యులతోను కలిసి చర్చించి నిర్ణయాలు తీసుకొనేవాడు. అందువలన మొదటి రెండేళ్ళు పనులు సాఫీగా సాగాయి. 1922 చివరలో బట్లర్ స్థానంలో విలియం మారిస్ గవర్నరుగా వచ్చాడు. మాంటేగ్ - చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల రూపకల్పనలో పాలుపంచుకొన్న అధికారి ఈయన. ఆ సంస్కరణల ఆంతర్యం తెలిసిన గవర్నరు హయాంలోనే మంత్రుల అధికారం గురించిన వివాదం తలెత్తడం గమనార్హం.

చింతామణి శాఖకు సంబంధించిన ఒక విషయంలో గవర్నరు మంత్రి నిర్ణయానికి అడ్డు వచ్చాడు. బదిలీ శాఖలలో కూడా మంత్రి మాట చెల్లకపోతే శాసనమండలికి తాను బాధ్యుడనని చెప్పుకోవడం అర్థరహితమని చింతామణి భావించి, 1923లో పదవికి రాజీనామా చేశాడు. ఆ వివాదం తన శాఖది కాకపోయినా, సహచరునికి సంఘీభావంగా జగత్ నారాయణ్ కూడా పదవి వదులుకొన్నాడు. మంత్రివర్గానికి ఉమ్మడి బాధ్యత ఉండాలని చట్టంలో లేని రోజుల్లో ఈ ఇద్దరూ దానిని ఆచరణలో చూపారు.

వారి తరువాత మంత్రి పదవులు జమీందారీ వర్గానికి దక్కాయి. అప్పుడు మంత్రియైన వారిలో ఛత్తారీ నవాబు ఒకడు. ఈయన తరువాతి కాలంలో హైదరాబాదు సంస్థానానికి ప్రధానమంత్రి అయ్యాడు. 1947లో యథాతథ ఒడంబడిక చర్చల సమయంలో హైదరాబాదు చరిత్రలో ఈయన పేరు వినిపిస్తుంది.

1924లో సంస్కరణల అమలును విచారించడానికి అలెగ్జాండర్ ముడిమాన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. మాజీ మంత్రిగా చింతామణి దాని ఎదుట సాక్ష్యం ఇచ్చాడు. ద్వంద్వ ప్రభుత్వం లోపాలు వ్యక్తుల వల్ల వచ్చినవి కావని, ఆ పద్ధతిలోనే ఉన్నాయని స్వానుభవంతో వివరించాడు. సంస్కరణలను మనస్ఫూర్తిగా అమలు చేయబూనిన వ్యక్తే ఈ మాట చెప్పడం వల్ల దానికి ఎక్కువ విలువ వచ్చింది. సప్రూ, జిన్నా మొదలైన అల్పసంఖ్యాక సభ్యులు సమర్పించిన ప్రత్యేక నివేదిక కూడా ఈ పద్ధతి పనికిరాదనే అభిప్రాయపడింది.

ప్రతిపక్షంలో

1923 నాటి ఎన్నికలలో స్వరాజ్య పార్టీ ప్రభంజనానికి లిబరల్ పక్షం బాగా దెబ్బతిన్నది. చింతామణి 1923 నుండి 1927 వరకు శాసనమండలిలో లేడు. ఈ కాలంలో లీడర్ పత్రికపై, లిబరల్ ఫెడరేషన్ పనులపై దృష్టి పెట్టాడు. 1927లో మళ్ళీ మండలిలో ప్రవేశించి 1936 వరకు సభ్యుడుగా ఉన్నాడు. ప్రతిపక్ష నాయకుడుగా ఈయన ప్రసంగాలు పేరు పొందాయి. ఆదాయవ్యయ చర్చలలో అధికారులు ఈయన ప్రశ్నలకు జాగ్రత్తగా సిద్ధపడి రావలసి వచ్చేది.

1927లో బ్రిటిష్ ప్రభుత్వం సైమన్ కమిషన్‌ను ప్రకటించింది. అందులోని ఏడుగురు సభ్యులూ బ్రిటిష్ పార్లమెంటుకు చెందినవారే. భారతీయుడు ఒక్కడూ లేడు. దీనిని కాంగ్రెసుతో పాటు లిబరల్ ఫెడరేషన్ కూడా బహిష్కరించింది. బహిష్కరణను ఆయుధంగా ఏనాడూ ఇష్టపడని మితవాదులు కూడా ఈ సందర్భంలో దానిని స్వీకరించారు. ఈ ఐక్యత ఎక్కువ కాలం నిలువలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహం ఆరంభమైనప్పుడు లిబరల్ నాయకులు శాసనోల్లంఘనను సమర్థించలేదు. ప్రభుత్వం సాగించిన దమనకాండను కూడా సమర్థించలేదు.

రౌండ్ టేబుల్ సమావేశం

1930 నవంబరు 12న లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి మొదటి రౌండ్ టేబుల్ సమావేశాన్ని ప్రారంభించాడు. బ్రిటిష్ పార్టీలు, బ్రిటిష్ ఇండియా, స్వదేశీ సంస్థానాల నుండి మొత్తం 89 మంది ప్రతినిధులు పాల్గొన్నారు. లిబరల్ పక్షం తరఫున సప్రూ, శ్రీనివాస శాస్త్రి, చిమన్‌లాల్ సెతల్వాడ్ మొదలైనవారితో పాటు చింతామణి కూడా వెళ్ళాడు. అప్పటికి కాంగ్రెసు అగ్రనాయకులు జైళ్ళలో ఉన్నారు. దేశంలో అతిపెద్ద రాజకీయ సంస్థ లేకుండా జరిగిన ఆ చర్చలలో భారతీయుల పక్షాన రాజ్యాంగ విషయాలను వాదించే భారం చాలావరకు లిబరల్ నాయకులపై పడింది.

సమావేశం 1931 జనవరి 19న ముగిసింది. సంస్థానాలతో కూడిన సమాఖ్య, రాష్ట్రాలకు బాధ్యతాయుత ప్రభుత్వం అన్న సూత్రాలపై అంగీకారం కుదిరింది. మతప్రాతిపదికపై నియోజకవర్గాల సమస్య మాత్రం తేలలేదు. స్వదేశం చేరిన సప్రూ, శాస్త్రి, జయకర్‌లు గాంధీజీకి, వైస్రాయి ఇర్విన్‌కు మధ్య రాయబారం నడిపారు. దాని ఫలితంగా మార్చి 5న గాంధీ - ఇర్విన్ ఒడంబడిక కుదిరింది. లీడర్ తొలినాటి అధ్యక్షుడు మోతీలాల్ నెహ్రూ అంతకు నెలరోజుల ముందు, ఫిబ్రవరి 6న మరణించాడు.

1931లో బొంబాయిలో జరిగిన లిబరల్ ఫెడరేషన్ సమావేశానికి చింతామణి రెండవసారి అధ్యక్షుడయ్యాడు. 1932లో ఓటుహక్కు సమస్యను పరిశీలించిన లోథియన్ కమిటీలో సభ్యుడుగా ఉన్నాడు. అప్పటికి సుమారు 70 లక్షల మందికి మాత్రమే ఉన్న ఓటుహక్కును దాదాపు 3 కోట్ల 60 లక్షల మందికి విస్తరించాలని ఈ కమిటీ సిఫారసు చేసింది. 1935 భారత ప్రభుత్వ చట్టం క్రింద ఓటర్ల సంఖ్య పెరగడానికి ఈ నివేదిక ఆధారమైంది.

ఓటర్లు పెరిగిన కొద్దీ లిబరల్ పక్షానికి చోటు తగ్గిపోయింది. 1937 ఎన్నికలలో కాంగ్రెసు ఘనవిజయం సాధించి, సంయుక్త రాష్ట్రాలలో గోవింద వల్లభ పంత్ నాయకత్వంలో మంత్రివర్గాన్ని ఏర్పాటు చేసింది. గ్రామాలలో శాఖలు, కార్యకర్తలు లేని లిబరల్ ఫెడరేషన్ విద్యావంతుల సంస్థగానే మిగిలిపోయింది. ఓటుహక్కు విస్తరణకు కృషి చేసినవారిని ఆ విస్తరణే రాజకీయంగా వెనుకకు నెట్టింది.

రచనలు

చింతామణి రచనలలో అధికభాగం లీడర్ పుటలలోనే ఉన్నాయి. గ్రంథరూపంలో వచ్చినవాటిలో ముఖ్యమైనవి:

ఇండియన్ సోషల్ రిఫార్మ్ (1901) - సంకలనం
ఫిరోజ్ షా మెహతా ఉపన్యాసాలు, రచనలు (1905) - సంకలనం
ఇండియన్ పాలిటిక్స్ సిన్స్ ది మ్యూటినీ (1937)
ఇండియాస్ కాన్‌స్టిట్యూషన్ ఎట్ వర్క్ (1940) - ఎం.ఆర్.మసానీతో కలిసి

వీటిలో మూడవది విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇచ్చిన ఉపన్యాసాల గ్రంథరూపం. 1857 తరువాత భారతదేశంలో ప్రజాజీవితం, రాజకీయ సంస్థలు ఎదిగిన తీరును, ఆనాటి నాయకుల వ్యక్తిత్వాలను ఇందులో వివరించాడు. వైజాగ్ స్పెక్టేటర్‌తో వృత్తి జీవితం మొదలుపెట్టిన నగరంలోనే, తాను చూసిన రాజకీయ చరిత్రను విద్యార్థులకు చెప్పే అవకాశం ఈయనకు లభించింది. నాలుగవ గ్రంథం 1935 చట్టం అమలును సమీక్షిస్తుంది.

చివరి సంవత్సరాలు

చింతామణికి బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదునిచ్చింది. విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లతో సత్కరించాయి. భారతీయ పత్రికారంగానికి పోప్ వంటివాడని ఈయనను సమకాలికులు గౌరవంగా పేర్కొనేవారు. 1941 జూలై 1న 61 సంవత్సరాల వయసులో మరణించాడు. అప్పటికి రెండవ ప్రపంచయుద్ధం సాగుతున్నది. కాంగ్రెసు మంత్రివర్గాలు 1939లోనే రాజీనామా చేశాయి. స్వాతంత్ర్యానికి ఇంకా ఆరేళ్ళ వ్యవధి ఉంది.

ఈయన కుమారుడు బాలకృష్ణ రావు ఐ.సి.ఎస్. అధికారి, హిందీ కవి. తెలుగు కుటుంబంలో పుట్టి హిందీ సాహిత్యంలో స్థానం సంపాదించాడు. అలహాబాదులో (2018 నుండి ప్రయాగరాజ్) ఒక రహదారికి సి.వై.చింతామణి పేరు పెట్టారు.

స్థానం, ప్రాముఖ్యం

స్వాతంత్ర్యోద్యమ చరిత్రను సాధారణంగా సత్యాగ్రహాలు, జైలు శిక్షలు, ప్రజా ఉద్యమాల క్రమంలో చెబుతారు. ఆ క్రమంలో చింతామణి వంటివారికి చోటు తక్కువ. ఈయన మార్గానికి ఉన్న పరిమితి స్పష్టమైనదే. కోట్లాది ప్రజలను కదిలించే శక్తి సంపాదకీయానికి, శాసనమండలి ప్రసంగానికి లేదు. ఇవ్వదలచుకోని ప్రభుత్వం వద్ద వాదనా పటిమ ఒక్కటే చాలదని 1923 నాటి ఈయన రాజీనామాయే నిరూపించింది.

అయితే ఈయన కృషిలో ఫలించిన అంశాలు కూడా ఉన్నాయి. మంత్రి గవర్నరుకు కాక ప్రజాప్రతినిధుల సభకు జవాబుదారీ కావాలన్న సూత్రం, ఆ సూత్రం దెబ్బతింటే పదవి వదులుకోవాలన్న సంప్రదాయం, ప్రభుత్వ లెక్కలను ప్రతిపక్షం నిశితంగా పరిశీలించే పద్ధతి స్వతంత్ర భారత శాసనసభలకు అవసరమయ్యాయి. వాటిని ముందుగా ఆచరించి చూపిన తరానికి చెందినవాడు చింతామణి. ఆంధ్రదేశం నుండి వెళ్ళి, హిందీ ప్రాంతంలో పత్రికా సంపాదకుడుగా, మంత్రిగా, ప్రతిపక్ష నాయకుడుగా అక్కడి ప్రజల గౌరవాన్ని పొందిన తొలితరం తెలుగువారిలో ఈయనకు ప్రత్యేక స్థానం ఉంది.